వాగమన్ గాజు వంతెన, అడ్వెంచర్ పార్కు: నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

వాగమన్ గాజు వంతెన చూసొచ్చినవాళ్లను ఇద్దర్ని అడిగితే రెండు మాటలు వినిపిస్తాయి. "రెండు గంటలు క్యూలో నిలబెట్టి పది నిమిషాల్లో పంపించేశారు, డబ్బులు దండగ" అని ఒకరు. "పిల్లలు ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నారు, మళ్లీ వెళ్తాం" అని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే. ఒకరు ఆదివారం మధ్యాహ్నం మంచు కమ్మినప్పుడు వెళ్లుంటారు, ఇంకొకరు మంగళవారం పొద్దున ఎండ వచ్చాక. వంతెన ఒకటే, వెళ్లిన పూటే వేరు.

అందుకే ఇక్కడ ఏ నెలలో వెళ్లాలి, ఏ పూట వెళ్లాలి, ఏది ముందు ఏది తర్వాత అన్నదానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

1. ముందు కొలతలు సరిగ్గా తెలుసుకోండి

ఈ పార్కు కేరళలోని ఇడుక్కి జిల్లాలో, వాగమన్ దగ్గరి కోలాహలమేడు కొండ అంచున ఉంది. గాజు వంతెనను 2023 సెప్టెంబరు 6న ప్రారంభించారు. పొడవు 40 మీటర్లు, అంటే మన ఆర్టీసీ బస్సులు మూడున్నర వరసగా నిలబెట్టినంత.

చాలామంది పొరబడే విషయాలు ఇక్కడే రెండున్నాయి.

ఒకటి, ఇది ఈ కొండ నుంచి ఆ కొండకు దాటే వంతెన కాదు. ఒక కొస కొండలో బిగించి ఉంటుంది, రెండో కొస గాలిలోనే ఆగిపోతుంది. చివరిదాకా నడిచి, చూసి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. అవతలి గట్టుకు దాటుతామని ఊహించుకుని వెళ్లినవాళ్లకు "ఇంతేనా" అనిపించడం ఇందుకే.

రెండోది, 3,500 అడుగులు అన్న అంకె. అది సముద్రమట్టం నుంచి కొండ ఎత్తు. మీ కాళ్ల కింద గాజుకూ కింది నేలకూ మధ్య 3,500 అడుగుల లోతు ఉంటుందని కాదు. లోయ లోతుగానే ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటే దూరాన ముండకయం, కూట్టిక్కల్ వైపు పల్లపు ప్రాంతమంతా కనిపిస్తుంది. అయితే ఆ అంకె పట్టుకుని లోతు లెక్కేసుకోవద్దు.

వంతెన మీదికి ఒక విడతకు 15 మందిని పంపే పద్ధతితో మొదలుపెట్టారు. మీకు దక్కేది ఐదు నుంచి పది నిమిషాలు. టికెట్ మొదట 500 రూపాయలు అనుకుని, తర్వాత 250కి తగ్గించారు. వెళ్లేరోజు కౌంటరు దగ్గర బోర్డు మీద ఎంతుందో అదే రేటు.

2. నెల ఎంచుకోవడం: మన వానలు వేరు, వాళ్ల వానలు వేరు

నెల్లూరు, ప్రకాశం వాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్, జులైల్లో మనకు ఇంకా ఉక్కపోతే. కేరళలో జూన్ మొదట్లోనే నైరుతి దిగుతుంది, సెప్టెంబరు దాకా వదలదు. మన ఎండ తప్పించుకోవడానికి జూన్‌లో బయల్దేరితే సరిగ్గా వాళ్ల వాన మధ్యలో దిగుతారు. 2024లో వానాకాలంలో ఈ వంతెనను నెలల తరబడి మూసే ఉంచారు. ఇడుక్కిలో ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఇచ్చినప్పుడు సాహస క్రీడలు ఆపేస్తారు, ఘాట్ దారుల్లో రాత్రి ప్రయాణం కూడా ఆపుతారు.

- ఫిబ్రవరి, మార్చి: అన్నిటికన్నా మంచి కాలం. రద్దీ తక్కువ, ఆకాశం తేట. బడి పిల్లలు లేనివాళ్లు కళ్లు మూసుకుని ఇవే ఎంచుకోవచ్చు.
- ఏప్రిల్ చివర, మే: మన బడులకు సెలవులు, కేరళ బడులకూ సెలవులే. జనం ఎక్కువ. మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వాన పడొచ్చు. పొద్దున పూట అయితే ఫరవాలేదు.
- జూన్ నుంచి సెప్టెంబరు: వద్దు.
- దసరా సెలవులు: వంతెన తెరిచారో లేదో కనుక్కున్నాకే టికెట్లు కొనండి. మధ్యాహ్నపు ఉరుముల వానలు ఈ రోజుల్లోనూ ఉంటాయి.
- నవంబరు మధ్య నుంచి జనవరి 20 దాకా: వాతావరణం బాగుంటుంది, ప్రయాణమే కష్టం. అది శబరిమల కాలం.

ఆ చివరి మాటను తేలిగ్గా తీసుకోవద్దు. సంక్రాంతి సెలవులూ మకరజ్యోతీ ఒకే వారంలో పడతాయి. మన వైపు నుంచి కేరళకు వెళ్లే రైళ్లన్నీ స్వాములతో నిండి ఉంటాయి. కొట్టాయంలో కార్లు దొరకడం కష్టం, దొరికినా రేటు ఎక్కువ. దర్శనం చేసుకుని తిరుగు దారిలో వాగమన్ చూద్దామనుకునే స్వాములు మధ్యలో ఒక రోజు విశ్రాంతి పెట్టుకోండి. కొండెక్కి దిగిన కాళ్లతో మర్నాడే ఆటలకు హార్నెస్ (ఒంటికి కట్టే పట్టీల తొడుగు) కట్టుకుంటే తొడలు పట్టేస్తాయి.

3. దారి, టికెట్లు

రైలైతే శబరి ఎక్స్‌ప్రెస్ తేలిక. ఒంగోలు, నెల్లూరు, గూడూరు, తిరుపతి మీదుగా కొట్టాయం వెళ్తుంది. మన దగ్గర సాయంత్రం దాటాక ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం కొట్టాయంలో దిగొచ్చు. ఈ బండి వేళలూ నంబరూ ఈమధ్య మారాయి, పాత కాగితం చూసి స్టేషన్‌కు వెళ్లకండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. వెళ్లే టికెట్‌తోపాటే తిరుగు టికెట్ కూడా చేయించేయండి.

కొట్టాయం నుంచి ఈరాట్టుపేట మీదుగా వాగమన్ సుమారు 65 కిలోమీటర్లు. బస్సులో వెళ్లేవాళ్లు ఈరాట్టుపేటలో మారడం మంచిది. పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ ఉంటే కారే మేలు.

ఈరాట్టుపేట దాటాక ఘాట్ మొదలవుతుంది. తిరుమల ఘాట్‌లో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడ రెండు వైపులా బండ్లు ఒకే దారిలో వస్తాయి, మలుపులు బిగుతుగా ఉంటాయి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ నడిపినవాళ్లకు ఇది అర్థమవుతుంది. చీకటి పడకముందే పైకి చేరేలా చూసుకోండి.

సొంత కారులో తమిళనాడు మీదుగా వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. సేలం, దిండిగల్, తేని, కంబం, కుమిలి, కుట్టిక్కానం, ఏలప్పార మీదుగా వాగమన్ చేరాలి. ఈ కంబానికీ, మన చెరువున్న కంభానికీ ఇంగ్లీషులో స్పెల్లింగ్ ఒకటే. ఫోన్ మ్యాప్‌లో ఊరిపేరు ఒక్కటే కొడితే మిమ్మల్ని మార్కాపురం వైపు తిప్పేయొచ్చు. పక్కన తేని అని కూడా కొట్టండి.

4. ఎవరు ఏది ఎక్కాలో ఇంట్లోనే తేల్చుకోండి

కౌంటరు ముందు నిలబడి "అత్తయ్యా, మీరు ఎక్కుతారా?" అని అడిగితే మొహమాటానికి ఎక్కేస్తారు. పైకెళ్లాక భయపడతారు. ఇంట్లోనే, తీరిగ్గా, ఒక్కొక్కరినీ అడిగి కాగితం మీద రాసుకోండి.

వంతెన మీద హార్నెస్ కట్టాల్సిన పనిలేదు, నడవడమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా మెల్లగా వెళ్లిరావచ్చు. కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లు, ఎత్తు చూస్తే గుండె దడ పుట్టేవాళ్లు మాత్రం గట్టు మీదే ఉండిపోవడం మంచిది. అక్కడి నుంచి కూడా లోయ బాగా కనిపిస్తుంది.

ఆటల సంగతి వేరు. పార్కులో జిప్‌లైన్ (తీగకు వేలాడుతూ జారడం), స్కై సైకిల్ (ఎత్తున కట్టిన తీగ మీద సైకిల్ తొక్కడం), పెద్ద ఊయల, రబ్బరు తాళ్లతో పైకి విసిరే ఆట వంటివి ఉంటాయి. వీటిని రెండు రకాలుగా విడదీసుకోండి.

నెమ్మదిగా సాగేవి: స్కై సైకిల్, జిప్‌లైన్. వీటిలో కుదుపు తక్కువ, ఎత్తు భయమే ఎక్కువ.

ఒక్కసారిగా కుదిపేవి: పెద్ద ఊయల, పైకి విసిరేది, కిందికి వదిలేది. వీటిలో మెడ మీద, నడుము మీద బలం పడుతుంది.

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, ఏడాదిలోపు ఆపరేషన్ అయినవాళ్లు, నడుము డిస్క్ నొప్పి ఉన్నవాళ్లు, మూర్ఛ వచ్చేవాళ్లు ఏ ఆటా ఎక్కకూడదు. సంతకం పెట్టే కాగితంలో ఇవన్నీ ఉంటాయి, చదవకుండా సంతకం పెట్టకండి. ప్రతి ఆటకూ బరువు, ఎత్తు పరిమితులు బోర్డు మీద రాసి ఉంటాయి. పిల్లవాడు బోర్డు గీతకు రెండంగుళాలు తక్కువున్నాడని సిబ్బందిని బతిమాలకండి. హార్నెస్ పెద్దదైతే అందులోంచి జారే ప్రమాదం ఉంటుంది, అందుకే ఆ గీత.

5. ఒంటి మీద ఏముండాలి, సంచిలో ఏముండాలి

హార్నెస్ పట్టీలు రెండు తొడల చుట్టూ వస్తాయి. చీర, లుంగీ, పంచె, లంగా ఓణీతో కుదరదు. వంతెన ఒక్కటే ఎక్కేవాళ్లు చీరతో వెళ్లొచ్చు, కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకోండి. అంచు మీద గాలి గట్టిగా ఉంటుంది, పైట పిన్ను పెట్టండి.

- పొడుగు ప్యాంటు లేదా చుడీదార్. చున్నీ వద్దు.
- వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు. హవాయి చెప్పులు వద్దు. గాజు మీదికి చెప్పులు విప్పమన్నా, తొడుగులు వేసుకోమన్నా వాళ్లు చెప్పినట్టే చేయండి, మట్టి రేణువులతో గాజు గీతలు పడుతుంది.
- జడ ముడి వేసి రబ్బరు బ్యాండు. హెల్మెట్ కిందికి కొప్పు, పెద్ద క్లిప్పు, పూలు పట్టవు.
- పొడుగు గొలుసులు, నల్లపూసలు జాకెట్ లోపలికి. అసలు ఆ రోజుకు తీసి గదిలోనే తాళం వేసి పెడితే ఇంకా నయం.
- కళ్లజోడుకు వెనక తాడు.
- ఒక్కొక్కరికి స్వెట్టర్. మన దగ్గర జనవరిలో కూడా ఫ్యాన్ వేసుకుంటాం కదా అని వదిలేయకండి, అక్కడ సాయంత్రానికి పళ్లు కొట్టుకుంటాయి.
- గొడుగు కాదు, రెయిన్‌కోటు. అంచు గాలికి గొడుగు నిలవదు.
- రెండు వేల దాకా నగదు, కొంత చిల్లర. కొండ మీద సిగ్నల్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది.
- కొంచెం ఉప్పు. నేల తడిగా ఉంటే గడ్డిలో జలగలుంటాయి. పట్టిన జలగను లాగకండి, ఉప్పు చల్లితే వదిలేస్తుంది.

తిండి గురించి ఒక మాట. అక్కడ హోటళ్లలో మామూలుగా పెట్టేది లావుపాటి ఎర్ర మట్ట బియ్యం అన్నం. మనవాళ్లకు అది పడదు. తెల్లన్నం కావాలంటే "పచ్చరి చోరు" ఉందా అని అడగండి. పప్పుల పొడి, ఆవకాయ వెంట ఉంటే పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు.

6. ఆ రోజు పొద్దున: ఈ వరసే పాటించండి

దిగిన రోజే వంతెనకు పరుగెత్తకండి. రైలు, ఘాట్ కలిపి అలసిపోయి ఉంటారు, చేరేసరికి సాయంత్రం అవుతుంది. వెలుగుంటే పచ్చిక మైదానాలు, పైన్ తోట చూసి పడుకోండి. వంతెన మర్నాడు పొద్దున.

శని, ఆదివారాలు, కేరళ సెలవులు తప్పించండి. మంగళ, బుధ, గురువారాలు ఖాళీ.

(1) పొద్దున తేలిగ్గా తినండి. రెండు ఇడ్లీలు, ఒక దోసె చాలు. కడుపు నిండా పూరీలు తిని ఊయలెక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

(2) పార్కు తెరిచే వేళ హోటల్‌లో కనుక్కుని, దానికి పావుగంట ముందే గేటు దగ్గర ఉండండి.

(3) టికెట్ కొనేముందు కొండ అంచు వైపు చూడండి. లోయ కనబడితే వెంటనే వంతెన టికెట్ కొనండి. తెల్లగా మంచు కమ్మి ఉంటే ఆగండి. గాజు కింద ఏమీ కనబడనప్పుడు ఆ టికెట్ కొని ప్రయోజనం లేదు. ఎండ ఎక్కేకొద్దీ చాలా రోజుల్లో మంచు విడిపోతుంది. ఆలోపు నెమ్మది ఆటలు చూసుకోండి.

(4) కౌంటరులో నాలుగు విషయాలు అడగండి: ప్రవేశం, వంతెన, ఆటలు ఒకే టికెట్టా, విడివిడిగానా? మంచు, గాలి వల్ల ఆపేస్తే డబ్బు వాపసిస్తారా? ఇప్పుడు ఏ ఆట నడవడం లేదు? వంతెనకు ముందు ఎంతమంది ఉన్నారు?

ఆ నాలుగో ప్రశ్నతో లెక్క వేసుకోవచ్చు. విడతకు 15 మంది, పది నిమిషాలు అనుకుంటే గంటకు 90 మంది. మీ ముందు 180 మంది ఉంటే రెండు గంటలు. అంతసేపు పిల్లలు, పెద్దవాళ్లు నిలబడగలరా లేదా చూసుకుని కొనండి. ఆరుగురు వెళ్తే 250 చొప్పున 1,500 రూపాయలు. ఆ పది నిమిషాలకు అంత పెట్టొచ్చా అన్నది ఇంట్లోనే మాట్లాడుకుంటే తర్వాత మనసు కష్టపడదు.

(5) వంతెన ముందు, ఆటలు తర్వాత. మధ్యాహ్నానికి మంచో వానో వస్తే ముందు ఆగేది వంతెనే.

(6) ఆటల్లో నెమ్మదివి ముందు, కుదిపేవి చివర. కుదిపే ఆట ఎక్కి దిగాక తల తిరిగితే ఆ రోజుకు ఇక ఏదీ ఎక్కలేరు.

7. గాజు మీద నడవడం

ఇలాంటి వంతెనలకు వాడే గాజు ఒకే పలక కాదు. గట్టిపరచిన పలకలు కొన్నింటిని మధ్యలో పల్చని పొరలతో అతికిస్తారు. పై పలక చిట్లినా మిగతావి బరువు మోస్తాయి, ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి.

భయం ఎందుకు వేస్తుందంటే, నేల ఎక్కడో కింద ఉందని కళ్లు చెబుతాయి, పాదాలు మాత్రం గట్టిగానే ఉందంటాయి. రెండు మాటలూ కలవక మోకాళ్లు వణుకుతాయి. దానికి ఉపాయం ఉంది. మొదటి పది అడుగులు కిందికి చూడకండి, ఎదురుగా దూరాన కొండ గీత మీద చూపు నిలపండి. ఒక చెయ్యి కమ్మీ మీద ఉంచండి. గాజు పలకల కింద ఇనుప దూలం గీత కనిపిస్తుంది, దాని మీదుగా అడుగులేయండి. శ్వాస కుదురుకున్నాక ఆగి, అప్పుడు కిందికి చూడండి.

కొస దగ్గర కాస్త కదిలినట్టు అనిపిస్తుంది. ఒక వైపే బిగించిన నిర్మాణం కాబట్టి అది మామూలే. మీ పిల్లల్ని మాత్రం గెంతనివ్వకండి. వంతెనకు ఏం కాదు గానీ పక్కన కమ్మీ పట్టుకున్న పెద్దావిడ ప్రాణం పోయినంత పనవుతుంది. భయపడి ఆగిపోయినవాళ్లను చెయ్యి పట్టి లాగొద్దు, వెనక్కి తీసుకురండి.

ఫోటోలకు: ఉన్న సమయంలో సగం చూడ్డానికి ఉంచుకోండి. ఒక్కరే అందరికీ తీస్తే తొందరగా అవుతుంది. ఫోన్ మణికట్టుకు తాడు కట్టి పట్టుకోండి.

8. హార్నెస్ కట్టాక: అరనిమిషం మీరే చూసుకోండి

సిబ్బంది కడతారు, రెండోసారి చూస్తారు. మూడోసారి మీరు చూసుకోవడం తప్పు కాదు. సందేహం వస్తే మొహమాటపడకుండా "మళ్లీ చూడండి" అనండి.

- నడుము పట్టీ తుంటి ఎముక పైన ఉండాలి. కింద ఉంటే తలకిందులైనప్పుడు జారుతుంది.
- తొడ పట్టీల్లో రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు.
- పట్టీ కొస బక్కిల్ లోంచి బయటికి కనీసం నాలుగు వేళ్ల పొడవు మిగలాలి, మెలి పడి ఉండకూడదు.
- కారబినర్ అనే ఇనుప కొక్కేనికి తాళం మర ఉంటుంది. అది బిగిసి ఉందో లేదో చూడండి. నొక్కితే తెరుచుకోకూడదు.
- జిప్‌లైన్‌కైతే కప్పీ నుంచి మీ హార్నెస్‌కు రెండు తాళ్లు ఉండాలి, ఒకటి తెగినా ఇంకొకటి ఆపేలా.
- హెల్మెట్ గడ్డం పట్టీ కింద ఒక వేలు దూరాలి. తల ఊపితే హెల్మెట్ కదలకూడదు.
- జేబుల్లో తాళాలు, చిల్లర, ఫోన్ ఏవీ వద్దు.

జిప్‌లైన్ మీద ఇనుప తీగను ఎప్పుడూ చేత్తో పట్టుకోకూడదు, వేళ్లు నలుగుతాయి. ఇచ్చిన పిడినో తాడునో పట్టుకోండి. అవతల చేరేముందు కాళ్లు ముందుకెత్తి ఉంచండి. కుదిపే ఆటల్లో తల వెనక్కి ఆనించి, మెడ బిగించండి. నోరు మూసుకోమంటే మూసుకోండి, నాలుక కరుచుకునేది అప్పుడే.

9. ఏది తప్పుతుంది, అప్పుడేం చేయాలి

మంచు మధ్యలో కమ్మితే: టికెట్ కొన్నాక, ఎక్కకముందు అయితే, తర్వాతి విడతకు మార్చమని మర్యాదగా అడగండి. పది నిమిషాల్లో తెరలు తొలగిపోవడం అక్కడ మామూలే.

ఉరుము వినిపిస్తే: వాళ్లు ఆపేదాకా చూడకండి, ఇనుప మెట్లు, కమ్మీలు వదిలి పైకప్పు ఉన్న చోటికి వచ్చేయండి.

ఒక ఆట పాడై ఆగిపోతే: ప్యాకేజీ కొన్నవాళ్లు రసీదు పారేయకండి. వాపసో, బదులు ఆటో అడగాలంటే అదే ఆధారం. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లు పెద్ద ప్యాకేజీ కాకుండా ఒక్కో టికెట్ కొనుక్కోవడం మేలు.

పిల్లవాడు పైకెక్కి ఏడిస్తే: దించేయండి. ఆ డబ్బు పోతే పోయింది.

ఘాట్‌లో వాంతులు: అలవాటున్నవాళ్లు డాక్టరు చెప్పిన మాత్ర బయల్దేరే ముందే వేసుకోవాలి, మలుపులు మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు. ముందు సీటు వాళ్లకే ఇవ్వండి. ఈ మాత్రలకు నిద్రమత్తు ఉంటుంది, పార్కుకు వెళ్లే పొద్దున వేసుకోకండి. తిరుగు ప్రయాణానికి మాత్ర విడిగా దాచి పెట్టుకోండి, దిగే దారిలోనే మలుపులు ఎక్కువ తిప్పుతాయి.